రుమాలు లేని తల

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇదంతా జరిగాక కూడా లేదు. ఈ మాట ముందే గట్టిగా చెప్పుకోవాల్సి వస్తోంది, ఎందుకంటే ఓడలో నాకు ఎదురైన సంగతిని మా అన్న మా ఇలాకా అంతా చెప్పి చెప్పి పాడు చేశాడు. వాడు చెప్పే కథలో అర్ధరాత్రి ఉంటుంది, తుపాను ఉంటుంది. ఈ మధ్య తెల్లచీర కూడా వచ్చి చేరిందట. మొన్న తొర్రూరులో ఒక పెళ్లికి వెళితే ముక్కూ మొహం తెలియని ఒకావిడ నా పక్కన కూర్చుని, "నిజంగ దాని కాళ్లు ఎన్కకు తిరిగి ఉండెనా బిడ్డా?" అని అడిగింది. ఏం చెప్పను? అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను.

అందుకే నేనే రాస్తున్నాను. జరిగింది సాయంత్రం పూట. లైట్లన్నీ వెలుగుతున్నాయి, పాటలు మోగుతున్నాయి, గదినిండా పిల్లలు గోల చేస్తున్నారు. తెల్లచీర లేదు. కాళ్లు నేను చూడనే లేదు.

చిన్నప్పటి నుంచి నాది ఇదే తీరు. మాది టేకుమట్ల. వాగు పక్కన తుమ్మచెట్ల దగ్గర పొద్దుగూకితే ఏదో ఏడుస్తోందని ఊళ్లో కొన్నాళ్లు అందరూ హడలిపోయారు. నేను పోయి చూస్తే ఎవరిదో తప్పిపోయిన మేక, ముళ్లకంపలో కాలు ఇరుక్కుని అరుస్తోంది. దాన్ని విడిపించి తోలుకొస్తే మా బాపు వాకిట్లోనే నవ్వుతూ నిలబడ్డాడు. "దయ్యాన్నే పట్టుకొచ్చినవా బిడ్డా, పాలిస్తదేమో సూడు" అన్నాడు. అప్పటి నుంచి ఎవరైనా దయ్యం అంటే నాకు మేక కళ్ల ముందు మెదులుతుంది.

డిగ్రీ భూపాలపల్లిలో చదివాను. జనగామలో ఒక ప్రైవేటు బడిలో కొన్నేళ్లు ఎల్కేజీ పిల్లలకు చెప్పాను. పాఠం చెప్పడం కంటే ముక్కులు తుడవడం, జడలు వేయడమే ఎక్కువగా ఉండేది. అక్కడ పనిచేస్తుండగానే తెలిసినవాళ్ల ద్వారా ఈ ఓడ ఉద్యోగం దొరికింది.

ఓడ అంటే సరుకులు మోసేది కాదు, జనం సెలవులకు ఎక్కి తిరిగే విహార నౌక. నీళ్ల మీద తేలే పెద్ద హోటలనుకోండి. పెద్దవాళ్లు ఈతకొలను దగ్గరో, నాటకంలోనో, భోజనాల దగ్గరో ఉంటారు కదా, ఆ కాసేపు పిల్లలను మా గదిలో అప్పగించి వెళతారు. వాళ్లతో బొమ్మలు వేయించడం, కథలు చెప్పడం, దాచిన వస్తువులు వెతికించడం, వేషాలు కట్టించి ఓడంతా ఊరేగించడం మా పని. ఊళ్లో మా చుట్టాలు దీన్ని "సముద్రంల ఆయా నౌకరి" అంటారు. ఆయా అన్నందుకు నాకు కోపం లేదు. మూతి తిప్పుతూ అంటారే, దానికి వస్తుంది.

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది లెక్క. పిల్లలను గదిలోంచి బయటికి తీసుకెళ్లినా లెక్కే, లోపలికి తెచ్చినా లెక్కే, ఐస్‌క్రీం తినిపించి లేపినా లెక్కే. చుట్టూ సముద్రం మరి. ఇద్దరం విడివిడిగా లెక్కపెట్టాలి, రెండూ కలిస్తేనే అడుగు కదపాలి. కొత్తలో ఈ సంగతి ఫోన్‌లో చెబితే మా అమ్మ గుండె బాదుకుంది.

"పొల్లగాండ్లను లెక్కవెడ్తరానే? గదేం నౌకరే? దిష్టి తాకదా?"

"గందుకే జీతమిస్తున్నరమ్మా" అన్నాను.

కాసేపు ఆలోచించి తనే ఒక ఉపాయం చెప్పింది. "అయితే ఒకటి అని మాత్రం అనకు. మీ బాపు వడ్లు కొలిచినట్టు లాభం అని మొదలువెట్టు. తలకాయ మీద చెయ్యి వెట్టు. దీవెనార్తి ఇచ్చినట్టుంటది, లెక్కవెట్టినట్టుండదు."

కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మా వైపు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాత రెండు, మూడు మామూలే. దయ్యాన్ని నమ్మనిదాన్ని దిష్టిని నమ్ముతానా? కానీ అమ్మ మాట కాదనలేక అలాగే మొదలుపెట్టాను, తర్వాత అదే అలవాటైపోయింది. ఒక్కో తల మీద అరచెయ్యి ఆనించి లాభం, రెండు, మూడు అనుకుంటూ పోతాను. నాతో పనిచేసే లీనాది ఫిలిప్పీన్స్. మొదట్లో నన్ను చూసి చర్చిలో ఫాదర్‌లా ఉన్నావని నవ్వేది. కానీ కుదురుగా నిలబడని పిల్లలను కళ్లతో లెక్కపెడితే పొరపాటు వస్తుంది, చేత్తో తాకి లెక్కపెడితే రాదు. నా లెక్క అంతవరకు ఎప్పుడూ తప్పలేదు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, ముందు ముందు అవసరం కాబట్టి చెబుతున్నాను.

ఆ ట్రిప్పు ముంబైలో బయలుదేరి కొచ్చి దాకా. ఒక విత్తనాల కంపెనీ బాగా అమ్మిన డీలర్లను కుటుంబాలతో సహా తీసుకొచ్చింది. అందరికీ ఒకే రకం ఆకుపచ్చ టోపీలు. ఆ టోపీల గుంపు ఓడ ఎక్కుతుంటే అందులోంచి ఒక కేక వినబడింది. "ఏయ్, గా సంచి జర పైలం, తొక్కు సీసా ఉన్నది!"

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఫోన్‌లో తప్ప మా మాట నా చెవిన పడి ఎన్ని నెలలైందో. జనగామ, మరిపెడ, తొర్రూరు వైపు వాళ్లంతా. పోయి ఆ పచ్చడి సీసానే కావలించుకుందామా అనిపించింది.

ఆ రోజే మా గదికి రజిత అక్క వచ్చింది. మరిపెడలో వాళ్లకు విత్తనాలు, ఎరువుల షాపు. ఏడేళ్ల కొడుకు అభిని అప్పగించడానికి తెచ్చింది, చంకలో ఇంకా మూడేళ్లు నిండని కూతురు. ఆ పాపను చిన్ని అంటారు. మేడారంలో పుట్టువెంట్రుకలు తీయించి కొన్నాళ్లే అయిందట, గుండు నున్నగా మెరుస్తోంది. నేను అప్పుడు పిల్లలను లెక్కపెడుతున్నాను. లాభం అన్న మాట చెవిన పడగానే ఆమె తలుపు దగ్గరే ఆగింది.

"లాభమా? ఏ ఊరు చెల్లె మీది?"

అంతే. ఇక పరిచయాలు చెప్పుకోవడం అక్కర్లేకపోయింది. వాళ్ల అత్తగారు కూడా వెంట ఉంది. నన్ను పట్టుకుని మా బాపు పేరు, మా మేనమామల ఊరు, మా పొలం ఎక్కడుందో అన్నీ అడిగి, ఎక్కడో ఒక చుట్టరికం తవ్వి తీసింది.

చిక్కు చిన్నితోనే వచ్చింది. అన్నతో పాటు తనూ ఉంటానని పేచీ. మూడేళ్లు నిండని పిల్లలను మేం తీసుకోకూడదు. ఆ మాట చెబితే అత్తగారు ఓడ పైకప్పు దాకా చూసి, "ఇంత పెద్ద ఓడల గీ బుడ్డదానికి జాగ లేదా?" అంది. నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. చిన్ని మాత్రం నన్ను తినేసేలా చూసి, తల్లి భుజం మీద మొహం దాచుకుని వెళ్లింది. నడవ చివరి దాకా "అన్నా, అన్నా" అన్న ఏడుపు వినబడుతూనే ఉంది.

మర్నాడు సముద్రం కాస్త ఊగింది. రజిత అక్కకు కడుపులో తిప్పి లేవలేక గదిలో పడుకుంది. చిన్నిని అత్తగారు తీసుకుంది. ఇది తర్వాత తెలిసిన సంగతే అయినా ఇక్కడే చెబుతాను. మా వైపు పెళ్లింట్లో చంటిపిల్లను ఎవరూ వెతకరు. ఆకలేస్తే ఎవరో ఒకరు తినిపిస్తారు, నిద్రొస్తే ఎవరి ఒళ్లోనో పడుకుంటుంది, సాయంత్రానికి తల్లి దగ్గరికి చేరుతుంది. ఈ డీలర్ల గుంపుకు ఓడ కూడా పెళ్లిల్లులాగే అయింది. అత్తగారు చిన్నిని తన కూతురికిచ్చింది. ఆమె భోజనాల దగ్గర తెలిసినవాళ్లకిచ్చింది. వాళ్లు తాత దగ్గరికి పొమ్మని దింపారు. ఎవరికి వాళ్లు పాప ఇంకొకరి దగ్గర ఉందనుకున్నారు. అందుకే ఆ సాయంత్రం పాప కనబడటం లేదని ఓడలో ఒక్కరికి కూడా తెలియదు.

ఆ సాయంత్రం మా గదిలో సముద్రపు దొంగల ఊరేగింపు. పిల్లలకు నల్లకోట్లు, తలకు ఎర్ర రుమాళ్లు కట్టి, ఓడంతా తిప్పి, నాటకశాలకు తీసుకెళ్లాలి. అక్కడ తల్లిదండ్రులు ఫోన్లు పట్టుకుని ఎదురు చూస్తుంటారు. వేషాల సామాను గోడవారగా ఒక పెద్ద ప్లాస్టిక్ పెట్టెలో ఉంటుంది. మూత పడితే దాని కొక్కెం దానంతటదే బిగుసుకుంటుంది. (ఆ తర్వాత దాన్ని తీసేయించారు.) పిల్లలంతా కోట్ల కోసం మీదపడుతుంటే పెట్టె సగానికి పైగా ఖాళీ అయింది. నేనూ లీనా రుమాళ్లు కట్టే హడావిడిలో ఉన్నాం. తలుపు తెరిచే ఉంది, ఆలస్యంగా వచ్చే పిల్లలు ఇంకా వస్తున్నారు.

అందరినీ తయారుచేసి ఒకరి వెనక ఒకరిని వరుసగా నిలబెట్టాం. లీనా తన లెక్క ముగించి తలుపు దగ్గరికి వెళ్లింది. నేను ముందు నుంచి మొదలుపెట్టాను. లాభం, రెండు, మూడు. ఏ తల మీద చెయ్యి వేసినా రుమాలు గుడ్డే తగులుతోంది. వరుస మధ్యలో అభి ఉన్నాడు. వాడి తల మీద చెయ్యి వేసేసరికి వాడు విసుగ్గా, "టీచర్, ఎన్కనుంచి నా అంగి గుంజుతున్నరు" అన్నాడు.

"ఎవర్రా అది? చేతులు కట్టుకోండి" అంటూ తర్వాతి తల మీద చెయ్యి వేశాను.

గుడ్డ తగల్లేదు. జుట్టు తగిలింది.

ఆ క్షణంలో నేను తలుపు వైపు చూస్తున్నాను. లీనా అక్కడి నుంచి చెయ్యి ఊపుతూ తొందర పెడుతోంది. కాబట్టి నేను మొహం చూడలేదు. ఈ మాట మా అన్నకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. నా చేతికి తెలిసింది మాత్రం చెబుతాను. నడిమి పాపట. నూనె బాగా పెట్టి దువ్విన జుట్టు. చెవుల పక్కగా బిగించి అల్లిన రెండు జడలు, వాటిని మడిచి కట్టిన రిబ్బన్ల ముడులు. ఎత్తు ఇంచుమించు అభి అంతే. బడికి తయారై వచ్చిన ఆడపిల్ల తల అది. జనగామలో అట్లాంటి తలలు ఎన్ని దువ్వానో! ఈ చేతులు పొరబడవు.

"అరే, నీ రుమాలేదమ్మా?" అన్నాను. అక్కడ పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడాలి, అలాంటిది నోట్లోంచి తెలుగు వచ్చింది. తల మీద రెండుసార్లు తట్టి, లెక్క ఆపకుండా చివరి దాకా వెళ్లాను.

నా లెక్కలో ఒకరు ఎక్కువ వచ్చారు.

లీనా లెక్క, చేరిన పిల్లల పేర్లు రెండూ సరిపోయాయి. నాదే తేడా. నువ్వు ఎవరినో రెండుసార్లు తాకి ఉంటావు, పద అంది. కాదు, ఒక పిల్లకు రుమాలు లేదు, జడల పిల్ల, అభి వెనకాల ఉంది చూడు అని వెనక్కి తిరిగాను. అభి వెనకాల ఒక గుజరాతీ బాబు ఉన్నాడు. వాడికి రుమాలుంది. ఆ వెనక పిల్లకూ ఉంది. వరుసలో రుమాలు లేని తల ఒక్కటీ లేదు.

భయపడ్డావా అని అందరూ అడుగుతారు. భయం గియం ఏమీ లేదు, ఒళ్లు మండింది. రుమాలు దొరకలేదని అలిగి ఏ పిల్లో టాయిలెట్‌లోకో, బల్ల కిందికో పోయిందనుకున్నాను. బయట నాటకశాల దగ్గర పాట మొదలైపోయింది. లీనా గడియారం చూపిస్తోంది. నిబంధన ప్రకారం తన మాటే సరైనది. లెక్కలు కలవనప్పుడు పేర్లు చూడాలి, అవి సరిపోతే కదలొచ్చు. కానీ నా చేతికి తగిలిన తల ఎక్కడికి పోతుంది?

"ఒక్కరు కూడా కదలొద్దు. రుమాలు తీసుకుని ఆ పిల్లను వెతికి తెస్తాను" అని చెప్పి పెట్టె దగ్గరికి వెళ్లాను.

ఇక్కడ ఒక్క మాట. ఆ పెట్టెతో అప్పుడు ఎవరికీ పని లేదు. ఊరేగింపు, ఆ తర్వాత నాటకం, ఆ తర్వాత పిల్లల భోజనాలు. కోట్లు, రుమాళ్లు తిరిగి పెట్టెలో వేసేది అవన్నీ అయ్యాకే. ఆ ఒక్క రుమాలు కోసం కాకపోతే నేను దాని మూత ముట్టుకునేదాన్ని కాదు.

కొక్కెం పట్టుకుంటే వేళ్లు జారాయి. చూస్తే అరచెయ్యంతా నూనె. స్కర్టుకు తుడుచుకుని మళ్లీ పట్టి లాగాను. మూత లేచింది.

మిగిలిన కోట్ల మీద చిన్ని ముడుచుకుని పడి ఉంది.

ఒళ్లంతా చెమట. పెదవుల రంగు మారిపోయింది. నోరు తెరుచుకుని ఉంది, ఊపిరి ఉందో లేదో తెలియనంత సన్నగా ఉంది. ఎత్తుకుంటే తల వెనక్కి వాలిపోయింది. నేను ఏమని అరిచానో నాకు గుర్తులేదు. "అమ్మా, ఓ అమ్మా" అని అరిచానని అభి తర్వాత చెప్పాడు. లీనా అప్పటికే ఓడ దవాఖానకు ఫోన్ చేస్తోంది. నేను పాపను తలుపు దగ్గరికి, గాలి వచ్చే చోటికి తీసుకెళ్లి, ఒంటికి చుట్టుకుని ఉన్న కోటు తీసేసి, వీపు రాస్తూ పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. నర్సు వచ్చి మూతికి గాలి గొట్టం పెట్టింది. కాసేపటికి చిన్ని దగ్గింది. మళ్లీ దగ్గింది. ఆ తర్వాత నిన్న నడవలో ఏడ్చిన అదే గొంతుతో, అదే పంతంతో ఏడ్చింది. దాంతో పాటు నేనూ అంతమంది పిల్లల ముందు కూర్చుని సిగ్గు లేకుండా ఏడ్చాను.

డాక్టర్ పరీక్షించి, పర్వాలేదు, బాగుంటుంది అన్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు.

రజిత అక్క చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది. వెనకాల ఇంటిల్లిపాది. "నీ దగ్గరున్నదనుకున్న", "నీ దగ్గరున్నదనుకున్న" అని ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. అత్తగారు నేల మీద కూలబడి, "నా చేతులు పడిపోను, నేనే ఇచ్చిన" అని నెత్తి కొట్టుకుంది. కోడలు బిడ్డను గుండెకు అదుముకుని గోడకానుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున మా పై అధికారి నన్ను పిలిచి గదిలోని కెమెరాలో పడింది చూపించాడు. పిల్లలు కోట్ల కోసం గుమికూడినప్పుడు చిన్ని తలుపులోంచి దూరింది. అభి వైపు వెళ్లబోయి, నన్ను చూసి ఆగింది. ముందు రోజు వద్దన్నది నేనే కదా. నా కంట పడకుండా పెట్టెలోకి ఎక్కింది. కాసేపటికి ఒక పిల్లవాడు ఆ పక్కగా పరుగెత్తుతూ మూతకు తగిలాడు, మూత పడింది. వాడి తప్పేమీ లేదు, వాడు చూడను కూడా చూడలేదు. ఆ తర్వాత వరుస వచ్చింది. నేను ఒక్కో తలను తాకుతూ వస్తున్నాను. అభికీ, గుజరాతీ బాబుకీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. మిగతా వరుస అంతా ఒకరినొకరు రాసుకుంటూ నిలబడితే అక్కడ మాత్రం ఎడం. ఆ ఎడంలో నా చెయ్యి అభి తలంత ఎత్తున గాలిలో ఆగి, రెండుసార్లు తట్టి ముందుకు కదిలింది.

ఇదేమిటి అని ఆయన అడిగాడు. తెలియదు సార్ అన్నాను. ఆయన ఆ ముక్క ఇంకోసారి చూసి, పాప దొరికింది, అది చాలు అని మూసేశాడు.

నేను ఊరుకునే రకం కాదు కాబట్టి నాకు నేనే కారణాలు చెప్పుకున్నాను. చిన్ని లోపలికి దూరడం నా కంటి చివర పడి ఉంటుంది, అందుకే మనసు ఒకరిని ఎక్కువ లెక్కపెట్టి ఉంటుంది అనుకున్నాను. సరే. మరి చిన్నిది గుండు కదా, నా చేతికి జడలెట్లా తగిలాయి? నూనె ఎక్కడిది? ఆ స్కర్టు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, మరక అట్లాగే ఉంది. ఓడలో వంద చోట్ల నూనె అంటుకోవచ్చంటారు మీరు. నేను కూడా అదే అంటాను. అన్నాక మళ్లీ ఆలోచిస్తాను.

ఆ రోజు మధ్యాహ్నం రజిత అక్క నన్ను వెతుక్కుంటూ పై అంతస్తుకు వచ్చింది. చిన్ని ఆమె భుజం మీద నిద్రపోతోంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"చెల్లె, ఒక్క మాట అడుగుత. గా పెట్టె ఎందుకు తెరిచినవ్? మావోళ్లంత దేవుడే తెరిపిచ్చిండంటున్నరు."

నాకు దాచడం రాదు. రుమాలు కోసం తెరిచానని చెప్పాను. ఎవరికి రుమాలు అని అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోయాను. ఆమె చిన్ని వీపు మీద జోకొడుతూ వింటోంది. రెండు జడలు అనేసరికి ఆ చెయ్యి ఆగిపోయింది.

"నడిమి పాపటనా?"

"అవునక్కా."

"ఎవరి ఎన్క ఉండె?"

"అభి ఎన్క. ఎవరో అంగి గుంజుతున్నరని వాడు గులుగుతుండె."

ఆమెకు ఇద్దరే పిల్లలని నేను అనుకున్నాను. అభికి పైన ఒక ఆడపిల్ల ఉండేదట. పేరు కావ్య. ఒకటో తరగతిలో ఉండగా విషజ్వరం వచ్చి పోయిందట. అప్పుడు చిన్ని కడుపులో ఉంది.

"దీన్ని సూడనేలే" అంది రజిత అక్క. "చెల్లెనే పుడ్తదని, చిన్ని అని పిలవాల్నని పేరు గూడ అదే వెట్టింది. బడికి పోయేటప్పుడు తమ్ముని అంగి ఎన్కనుంచి పట్టుకునే నడిచేది. రోడ్డు మీద బండ్లు ఉంటయి, ఉరుకుతడేమోనని."

ఎందుకు చెప్పానా అనిపించింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు ఇట్లాంటి మాట మాట్లాడొచ్చా? లేచి పోదామనుకున్నాను కానీ ఆమె నా కుడిచెయ్యి పట్టుకుంది. అరచేతిని తిప్పి చూసింది. మొహం చూశావా, నవ్విందా, ఏమైనా అందా అని అడుగుతుందేమో, ఏం చెప్పాలిరా దేవుడా అని నేను సతమతమవుతున్నాను. ఆమె అవేవీ అడగలేదు.

"తలకాయ కాలుతుండెనా, చెల్లె?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పింది. ఆఖరి రాత్రంతా కావ్య నెత్తి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చుందట. వేసిన గుడ్డ వేసినట్టే వేడెక్కిపోయేదట.

"నా చేతికి గదే యాదికున్నది. పొయ్యి మీది పెంక లెక్క కాలిపోయింది నా బిడ్డ. మూడేండ్లాయె. ఇప్పటికి నిద్రల చెయ్యి కాలినట్టయి లేస్త. జరం తగ్గకముందే తీసుకపోయి మన్నుల వెట్టిన అనిపిస్తది."

నేను కళ్లు మూసుకుని ఆ క్షణాన్ని గుర్తు చేసుకున్నాను. ఆమె సంతోషం కోసం ఏదో ఒకటి చెప్పేయొచ్చు. కానీ ఇక్కడ అబద్ధమాడితే నాకు పుట్టగతులుండవు అనిపించింది. జుట్టు గుర్తొచ్చింది, పాపట గుర్తొచ్చింది, పాపట మీద ఆనిన నా వేళ్లు గుర్తొచ్చాయి.

"లేదక్కా" అన్నాను. "కాలలే. సల్లగున్నది. పొద్దుగాల తానం చేసి, నూనె వెట్టుకుని బడికొచ్చిన పిల్ల తల ఎట్లుంటది, గట్లున్నది."

"నిజంగనా?"

"మా అమ్మ మీద ఒట్టు."

ఆమె నా అరచేతిని తీసి తన చెంపకు ఆనించుకుంది. చాలాసేపు అట్లాగే ఉంచుకుంది. కన్నీళ్లు నా వేళ్ల మీదుగా కారుతున్నా నేను చెయ్యి కదపలేదు. చిన్ని నిద్రలో కదిలి మళ్లీ సర్దుకుంది.

"అయితే జరం తగ్గింది" అంది రజిత అక్క.

ఆ తల ఎవరిదో నాకు తెలియదు. మా అన్న తెలిసినట్టే చెబుతాడు, నేను మాత్రం ఈనాటికీ చెప్పలేను. కానీ ఆ తల్లికి చెప్పిన మాటను ఎవరి ముందైనా చెబుతాను. అది చల్లగానే ఉంది.